వీడియోలో ఉన్న టీమే దిగుతుందా?
అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో సీజన్ ముగిశాక ఆడే బౌల్ గేమ్‌కి ముందు దాదాపు నెల గడువు ఉంటుంది కాబట్టి, వీడియోలు చూసి ప్రత్యర్థి గుట్టంతా కోచ్‌లు పట్టేస్తారని ఒకరు రాశారు. నాకంత నమ్మకం లేదు. కోచ్‌లు కూర్చుని చూసేది సీజన్‌లో ఆడిన టీమ్ వీడియోలు, మైదానంలోకి దిగేది ఆ టీమేనా? 2023 ఆరెంజ్ బౌల్‌కి ఫ్లోరిడా స్టేట్ 13 మ్యాచ్‌లకు 13 గెలిచి వచ్చింది. బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ నవంబరులోనే కాలికి దెబ్బ తగిలి తప్పుకున్నాడు. ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌లో టీమ్‌కి చోటివ్వలేదు (అది అన్యాయమే, ఆ గొడవ వేరు). ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ లీగ్‌లోకి ఎంపిక) అనీ, కాలేజీ మారుతున్నామనీ అసలైన ఆటగాళ్లు చాలామంది ఆడనే లేదు. జార్జియా 63-3తో ఉతికి ఆరేసింది. దాన్ని స్కౌటింగ్ (ప్రత్యర్థి ఆటను ముందే చదవడం) గొప్పతనం అందామా? ప్రత్యర్థి టీమ్‌లో ఏ ఎత్తు ఆడాలో ఎంచే కోచ్, అంటే కోఆర్డినేటర్ కూడా డిసెంబరులోనే వేరే కొలువు చూసుకుని వెళ్లిపోతుంటాడు. మూడో డౌన్‌లో (పది గజాలు దాటడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఇంకా ఏడు గజాలు కావాలంటే ప్రత్యర్థులు బంతి ఎటు విసురుతారని రాసుకున్న లెక్కలన్నీ అప్పుడు బుట్టదాఖలే. టీమ్‌లో మిగిలిన లైన్‌మెన్ (ముందు వరసలో ఢీకొనేవాళ్లు) అడుగులు, అలవాట్లు పట్టుకోవడానికి వీడియో పనికొస్తుంది, కాదనను. నేనైతే బౌల్ ముందు గణాంకాల జోలికి పోను, ఎవరెవరు ఆడటం లేదని, కాలేజీ మారుతున్నామని చెప్పారో చూస్తాను.