సవరణ: జార్జియా కాల్ సరైనదే

2018 జనవరి 8న అట్లాంటాలో జార్జియా, అలబామా మధ్య జరిగిన అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ ఫైనల్ గురించి నేను రాసిన పోస్టులో, చివరి ప్లేకి జార్జియా కోచ్‌లు తప్పు కాల్ (ఆ ప్లేకి ఎంచుకున్న డిఫెన్స్ వ్యూహం) ఇచ్చారన్న వాక్యం ఉంది. దాన్ని తీసేశాను. చదివినవాళ్లు ఈ వివరణతో సరిచూసుకోండి.

ఓవర్‌టైమ్‌లో జార్జియా 23-20తో ముందుంది. అంతకుముందు ప్లేలోనే అలబామా క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) టువా టాగోవైలోవాను 16 గజాలు వెనక పడగొట్టారు. రెండో డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో రెండోది), అలబామాకు ఇంకా 26 గజాలు కావాలి. అలాంటప్పుడు ఇద్దరు సేఫ్టీలను (వెనక కాపలా కాసే డిఫెన్స్ ఆటగాళ్లను) లోతుగా నిలబెట్టే కవర్ 2 కంటే ఏం అడుగుతాం? లాంగ్ పాస్‌ను ఆపడానికే కదా అది.

తేడా వచ్చింది ఆడటంలో. కార్నర్ (అంచున కాపలా కాసే డిఫెన్స్ ఆటగాడు) వదిలిన రిసీవర్‌ను (పాస్ అందుకునే ఆటగాణ్ని) ఆ పక్క సేఫ్టీ అందుకోవాలి. టువా ముందు ఇంకో వైపు చూశాడు. ఆ చూపుకే సేఫ్టీ ఒక్క క్షణం ఆగిపోయాడు. ఎడమ అంచున అలబామా రిసీవర్ డెవోంటా స్మిత్ దూసుకుపోయాక పరిగెత్తినా అందలేదు. 41 గజాల టచ్‌డౌన్, 26-23తో అలబామా గెలిచింది. కార్నర్ స్మిత్‌ను మొదట్లోనే గట్టిగా అడ్డుకుని ఉంటే సేఫ్టీకి ఆ క్షణం దక్కేదని నా నమ్మకం. కాబట్టి నింద మొత్తం సేఫ్టీ ఒక్కడి మీద వేయడం కూడా అన్యాయమే. అలాంటి చూపు, అలాంటి త్రో ఫ్రెష్‌మన్ (కాలేజీలో మొదటి ఏడాది ఆటగాడు) నుంచి ఎవరు ఊహిస్తారు!