అట్లాస్ మెసేజ్ మళ్లీ పంపేవాళ్లకి

నిన్న మళ్లీ వచ్చింది. ఈసారి పంపినవాడు బాగా చదువుకున్నవాడే. పైగా "నిజమో కాదో తెలీదు, ఎందుకైనా మంచిదని పంపుతున్నా" అని కింద ఒక తోక తగిలించాడు. నిజమో కాదో తెలియనప్పుడు పంపకుండా ఉండటం కూడా ఎందుకైనా మంచిదే కదా, అది ఎవరికీ తట్టదేం?

ఇంకా చూడని అదృష్టవంతులకి ఆ మెసేజ్ సారాంశం ఇది. సెర్న్ అనే ఐరోపా భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రంలో భూమి కింద అట్లాస్ అనే యంత్రం ఉంది, అక్కడ వేరే లోకానికి తలుపు తెరిచారు. వేరే నక్షత్ర మండలం నుంచి అట్లాస్ అనే తోకచుక్క రాబోతోంది. అట్లాస్ రాకెట్ ఉంది, అట్లాస్ రోబో ఉంది. ఏ భాష ఎప్పుడు చావాలో యునెస్కో ఒక అట్లాస్‌లో రాసిపెట్టింది. వందేళ్ల కిందటే ఒక జర్మన్ పండితుడు నల్ల బోర్డుల మీద రహస్య అట్లాస్ అతికించాడు. ఇప్పుడు మనుషుల కణాలతో ఇంకో అట్లాస్ తయారవుతోంది. ఆస్పత్రిలో బయాప్సీకి మీరిచ్చే ముక్క అక్కడికే పోతుంది, కాబట్టి ఒప్పుకోకండి. భూమిని మోసేవాడి పేరే అన్నిటికీ ఎందుకు పెట్టారు? ఇదంతా యాదృచ్ఛికమా? ఆలోచించండి. డిలీట్ చేసేలోపు పదిమందికి పంపండి.

సరే, ఆలోచిద్దాం.

గ్రీకు కథలో అట్లాస్ మోసేది భూమిని కాదు, ఆకాశాన్ని. నేపుల్స్ మ్యూజియంలో ఉన్న పాతకాలపు పాలరాతి విగ్రహం ఫొటో చూడండి, వాడి భుజాల మీది గోళం నిండా నక్షత్రరాశుల బొమ్మలే. 1595లో అచ్చయిన తన పటాల సంపుటికి మెర్కేటర్ అనే పటాల నిపుణుడు ఆ పేరు పెట్టాడు. అక్కణ్నుంచి ఒక విషయాన్ని మొత్తంగా పటాల్లో పెట్టిన ప్రతి పుస్తకమూ అట్లాస్ అయింది. మన మెడలో మొదటి వెన్నుపూస పేరు కూడా అట్లాసే, తలని మోస్తుంది కాబట్టి. అంటే ముఠా మన మెడ దాకా వచ్చేసింది, మెసేజ్‌లో మాత్రం దాని ఊసే లేదు.

రాకెట్ సంగతి: 1950లలో క్షిపణిగా మొదలైంది. దాన్ని కట్టిన కంపెనీకి మాతృసంస్థ పేరు అట్లాస్ కార్పొరేషన్. 1962లో అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ కక్ష్యలోకి వెళ్లింది దాని మీదే. రోబో సంగతి: 2013లో బోస్టన్ డైనమిక్స్ అనే కంపెనీ చూపించింది, పిల్లిమొగ్గలు వేస్తుంది. ఈ రెంటి గురించీ ఇంతకంటే నా దగ్గర ఓపిక లేదు.

సెర్న్‌కీ తోకచుక్కకీ ముడిపెట్టడం మీద మాత్రం నాలుగు మాటలు చెప్పాలి. సెర్న్‌లోది 46 మీటర్ల పొడవు, 25 మీటర్ల ఎత్తు, 7,000 టన్నుల బరువున్న డిటెక్టర్, అంటే ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు ఏం పుడుతుందో పట్టి చూసే పరికరం. అసలు మొదట్లో ఈగిల్ అని ఒక ప్రతిపాదన, ఆస్కాట్ అని ఇంకోటి ఉండేవి. 1992లో ఆ రెండు బృందాలూ కలిసిపోయి కొత్త పేరు పెట్టుకున్నాయి. ఆ పేరు కోసం "ఎ టొరాయిడల్ ఎల్‌హెచ్‌సీ అపరేటస్" (ఎల్‌హెచ్‌సీ అంటే ప్రోటాన్లని ఢీకొట్టించే అక్కడి సొరంగ యంత్రం) అని ఒక వాక్యం కుట్టి, చివరి అక్షరాన్ని అపరేటస్ అనే మాట తోక పట్టుకుని లాక్కొచ్చారు. రహస్య ముఠాలు పేరు కోసం ఇంత అవస్థ పడవని నా నమ్మకం. 2012 జూలై 4న హిగ్స్ బోసాన్ అనే కణం దొరికిందని ప్రకటించినప్పుడు పక్కన సీఎంఎస్ అనే మరో డిటెక్టర్ వాళ్లు కూడా ఉన్నారు. అదే సొరంగం, అదే ప్రోటాన్లు, అదే ఫలితం. పాపం సీఎంఎస్‌కి గ్రీకు దేవుడి పేరు లేకపోవడం వల్ల కుట్రలో చోటు దక్కలేదు.

"అక్కడ వేరే లోకానికి తలుపు తెరిచారు" అన్న వాక్యానికి జవాబు చిన్నదే. ఆ యంత్రంలో ఒక్కో ఢీకొట్టుడులో ఉండే శక్తి, ఎగిరే దోమలు పదమూడో పద్నాలుగో కలిపితే ఉండేంత. అంతకు ఎన్నో రెట్ల శక్తితో అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు భూమి పుట్టినప్పటి నుంచీ మన నెత్తిన పడుతూనే ఉన్నాయి. తెరుచుకోవాల్సిన తలుపేదైనా ఉంటే ఎప్పుడో తెరుచుకునేది.

తోకచుక్క పేరుకి సెర్న్‌తో ఏ సంబంధమూ లేదు. భూమి వైపు వచ్చే గ్రహశకలాలని ముందే పసిగట్టడానికి నాసా డబ్బుతో హవాయి విశ్వవిద్యాలయం వాళ్లు నడిపే టెలిస్కోపుల వ్యవస్థ పేరు అట్లాస్. హవాయిలో రెండు, దక్షిణాఫ్రికాలో ఒకటి, చిలీలో ఒకటి పెట్టారు. 2025 జూలై 1న చిలీలోని టెలిస్కోపు ఆ తోకచుక్కని పట్టుకుంది. తోకచుక్కకి కనిపెట్టినవాళ్ల పేరు పెట్టడం ఆనవాయితీ. అందుకే ఆకాశంలో అట్లాస్ పేరున్న తోకచుక్కలు బోలెడున్నాయి. 2020లో ఒకటి సూర్యుడి దగ్గరికి రాకముందే ముక్కలైపోయింది కూడా. ఇది వేరే నక్షత్రం దగ్గర్నుంచి వచ్చిందన్నది నిజమే, అలాంటివాటిలో మనకి కనిపించిన మూడోది. 2025 డిసెంబర్ 19న భూమికి అతి దగ్గరగా వచ్చినప్పుడు దాని దూరం దాదాపు 27 కోట్ల కిలోమీటర్లు, అంటే సూర్యుడు మనకి దానికంటే చాలా దగ్గర. వచ్చింది, పోయింది. మెసేజ్ మాత్రం ఇంకా "రాబోతోంది" అంటోంది.

భాషల అట్లాస్ మీద రాసింది చదివితే నవ్వాలో తల బాదుకోవాలో తెలీలేదు. ప్రమాదంలో ఉన్న భాషల జాబితా అది, ఉరిశిక్షల జాబితా కాదు. ఇంట్లో పిల్లలు మాట్లాడుతున్నారా, తాతలు మాత్రమే మాట్లాడుతున్నారా అన్నది చూసి భాషలని మెట్లుగా విడదీస్తారు, ఎక్కడ బడి పెట్టాలో, ఎవరి మాట ముందు రికార్డు చేయాలో తెలియడానికి. దాన్ని రాసినవాళ్లు సర్వజ్ఞులేం కాదు. 2009లో, బ్రిటన్ పక్కన ఐల్ ఆఫ్ మాన్ అనే ద్వీపంలో మాట్లాడే మాంక్స్ భాష చచ్చిపోయిందని రాసేశారు. అక్కడ ఆ భాషలోనే చదువుకుంటున్న బడిపిల్లలు, మా భాష చచ్చిపోతే మేం ఇప్పుడు రాస్తున్నది ఏ భాషలో అని యునెస్కోకి ఉత్తరాలు రాశారు. యునెస్కో దిద్దుకుంది. బడిపిల్లల ఉత్తరాలకి లొంగిపోయే ప్రపంచ కుట్ర ఇదొక్కటే అనుకుంటా.

జర్మన్ పండితుడు అబీ వార్బుర్గ్. కళాచరిత్రకారుడు. పాత శిల్పాలు, చిత్రాలు, పత్రికల ప్రకటనలు, తపాలా బిళ్లల ఫొటోలు నల్లబట్ట కట్టిన బోర్డుల మీద గుచ్చి, ఒక భంగిమ ఒక యుగం నుంచి ఇంకో యుగానికి ఎలా ప్రయాణించిందో చూడబోయాడు. 1929లో చనిపోయేనాటికి 63 బోర్డులు మిగిలాయి, పని మాత్రం పూర్తికాలేదు. రహస్యమేమీ లేదు, 2020లో బెర్లిన్‌లో ప్రదర్శన పెట్టి అందరికీ చూపించారు. ఒక్క సంగతి మాత్రం మెసేజ్ రాసినవాడి తరఫున ఒప్పుకుంటాను. సంబంధం లేనట్టున్న వాటిని పక్కపక్కన పెట్టి చూడటం తప్పు కాదు, వార్బుర్గ్ చేసిందీ అదే. కాకపోతే ఆయన పక్కన పెట్టాక పని మొదలుపెట్టాడు. ఆ బొమ్మని ఎవరు ఎక్కడ చూశారు, ఎవరి చేతిమీదుగా ఏ ఊరికి చేరింది అని వెతికాడు. మనవాడు పక్కన పెట్టి "ఆలోచించండి" అనేసి వెళ్లిపోయాడు.

ఇంతవరకైతే నవ్వుకుని వదిలేసేవాణ్ని. ఆ మెసేజ్ కింద ఒకావిడ "మా అత్తయ్యకి ఈ వారం బయాప్సీ ఉంది, మానేయమంటారా?" అని అడిగింది. కింద మూడు దండాల బొమ్మలు, ఒక "జాగ్రత్త మేడమ్". జవాబు ఒక్కరూ రాయలేదు.

బయాప్సీ ముక్కని కుళ్లిపోకుండా ఫార్మలిన్ అనే ద్రావణంలో వేస్తారు. తర్వాత మైనంలో బిగించి, వెంట్రుక కంటే ఎంతో పల్చటి పొరలుగా కోసి, రంగు వేసి, పాథాలజిస్ట్ మైక్రోస్కోప్ కింద చూస్తారు. గడ్డ క్యాన్సరా కాదా, అయితే ఏ రకం, ఏ మందు పనిచేయొచ్చు అన్నవి తేలేది అక్కడే. స్కాన్ అనుమానం చెప్తుంది, బయాప్సీ నిర్ధారిస్తుంది. అది వాయిదా పడితే గడ్డ ఆగి ఎదురుచూడదు.

హ్యూమన్ సెల్ అట్లాస్ చేసేది వేరే పని. 2016లో అవీవ్ రెగెవ్, సారా టైక్‌మన్ చొరవతో మొదలైంది. ఒంట్లో ఉన్న లక్షల కోట్ల కణాల్లో ఎన్ని రకాలున్నాయి, ఒక్కో రకంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయి అని ఒక్కొక్క కణాన్నీ విడదీసి చదువుతారు. దీనికి మామూలుగా తాజా కణాలు కావాలి, లేదా వెంటనే అతిచల్లగా గడ్డకట్టించినవి. ఫార్మలిన్‌లో ఊరిన ముక్క నుంచి కూడా కొంత సమాచారం రాబట్టే పద్ధతులు ఈమధ్య వచ్చాయిగానీ, మీ అత్తయ్య ముక్కని ఎవరూ చెప్పాపెట్టకుండా విమానం ఎక్కించరు. ఇచ్చేవాళ్లు విడిగా, పరిశోధన కోసమని, రాతపూర్వకంగా ఒప్పుకుని ఇస్తారు. మరి ఏం సాధించారంటారా? 2018లో శ్వాసనాళంలో అంతదాకా ఎవరికీ తెలియని ఒక కణం దొరికింది, అయనోసైట్ అని. శ్వాసనాళం కణాల్లో నూటికి ఒకటి కూడా ఉంటుందో లేదో. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బుకి కారణమైన జన్యువు, ఒక్కో కణాన్ని విడిగా చూస్తే, బాగా ఎక్కువగా పనిచేసేది అందులో. ఆ జన్యువు 1989 నుంచీ తెలుసు, అది అంతగా పనిచేసే ఇలాంటి కణం ఒకటుందని తెలియడానికి 29 ఏళ్లు పట్టింది. 2020లో కరోనా వైరస్ దూరే ద్వారాలు ముక్కులోని ఏ కణాల మీద ఎక్కువున్నాయో తొందరగా చెప్పగలిగింది కూడా అప్పటికే పోగుచేసిన ఈ సమాచారం వల్లే.

ఇప్పుడు మెసేజ్ రాసినవాడు కనీసం వెతకని విషయం ఒకటి నేనే చెప్తాను. బయాప్సీ ముక్కని అడక్కుండా తీసుకోవడం నిజంగా జరిగింది. 1951లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి చికిత్స పొందుతుంటే, ఆమెకి చెప్పకుండా ఆ కణాలని ప్రయోగశాలకి ఇచ్చారు. అవి హీలా కణాలుగా ప్రపంచమంతా పాకాయి, వాటితో కంపెనీలు సంపాదించాయి. కుటుంబానికి ఎన్నో ఏళ్లు సంగతే తెలీదు. ఒక కంపెనీ వాళ్లతో రాజీకి వచ్చింది 2023లో. కాబట్టి "నా ముక్కని ఏం చేస్తారు?" అన్న ప్రశ్న పిచ్చిది కాదు, అడిగి తీరాల్సిందే. ఈరోజు ఒప్పందపత్రాలు ఉన్నాయంటే ఇలాంటివాళ్లకి జరిగిన అన్యాయం వల్ల కూడా.

ఇంకో సంగతి, ఇది మెసేజ్‌కి పూర్తిగా అడ్డం తిరుగుతుంది. ఇలాంటి జీవశాస్త్ర సమాచారంలో ఎక్కువభాగం ఐరోపా మూలాలున్నవాళ్లది. మన కణాలు దోచుకుపోతున్నారని మనం భయపడుతుంటే, అసలు ఫిర్యాదు అక్కడ మనం తగినంత లేమని. రేపు వాళ్ల కణాల లెక్క చూసి తయారైన పరీక్ష మన ఒంటికి సరిపోకపోవచ్చు. ఆ లోటు పూడ్చడానికే భారత్, జపాన్, సింగపూర్, దక్షిణ కొరియా, థాయ్‌లాండ్‌లలో ఆరోగ్యవంతుల రక్తకణాలతో ఒక పని జరిగింది. దాని పేరు ఏషియన్ ఇమ్యూన్ డైవర్సిటీ అట్లాస్. చెప్పేశాను, ఇక ఈ అట్లాస్‌ని కూడా మెసేజ్‌లో కలుపుకోండి.

ప్రశ్న అడిగినావిడకి: అమ్మా, అత్తయ్యగారి బయాప్సీ ఆపకండి. సంతకం పెట్టమన్న కాగితం ముందు చదవండి, అర్థం కాకపోతే చదివి చెప్పమనండి. మిగిలిన కణజాలం పరిశోధనకి వాడతామని అందులో ఉంటే, ఇష్టం లేకపోతే వద్దనండి. దానివల్ల పరీక్ష ఆగదు, చికిత్సా ఆగదు. రిపోర్ట్ ఎప్పుడొస్తుందో, ఎవరిని కలవాలో అప్పుడే అడిగి రాసుకోండి.