ముక్కలుగా నడిస్తే నడక కాదా?

"మీ రిడ్జ్‌వే ఇంకా అవ్వలేదా? వారం సెలవు పెట్టి ఒకేసారి కొట్టేస్తే పోలా!" మొన్న ఓ బర్త్‌డే పార్టీలో మళ్ళీ ఇదే మాట. అడిగినాయన మారథాన్లు పరిగెడతాడు. చేతికి వాచీ, అందులో సమస్త లెక్కలూ. వీలైనప్పుడల్లా ఒక ముక్క నడిచే మేం ఆయన లెక్కలో టైమ్‌పాస్ బ్యాచ్. అక్కడ నవ్వి ఊరుకున్నాను కానీ, ఇక్కడ ఊరుకోను.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. రిడ్జ్‌వే దక్షిణ ఇంగ్లాండ్‌లో 87 మైళ్ళ కాలిబాట. ఏవ్‌బరీ దగ్గర ఓవర్టన్ హిల్ నుంచి ఐవింగ్‌హో బీకన్ దాకా. పడమటి సగం బోడి సుద్ద కొండల మీద పోతుంది, గోరింగ్ దగ్గర థేమ్స్ దాటాక చిల్టర్న్స్ అడవుల్లో దూరుతుంది. ఏకబిగిన నడిస్తే ఆరేడు రోజుల పని.

ఆ ఆరేడు రోజులే ఎక్కడివి? మా వాళ్ళలో ఒకడికి ఆన్‌కాల్, ఒకావిడకి చంటిపిల్ల, ఇంకొకరికి శనివారం పొద్దున పిల్లల తెలుగు క్లాసు. వారం సెలవంటే అది ఇండియా టికెట్టు కోసం దాచుకున్నది. "గుట్టల మీద తిరగడానికి వాడేశానమ్మా, ఈ ఏడు రావట్లేదు" అని ఫోన్లో చెప్పే ధైర్యం ఉన్నవాళ్ళు ఏకబిగినే నడవండి, దండం పెడతాను.

పైగా ముక్కల నడక తేలిక అనుకునేవాళ్ళు ఒక్కసారి ప్లాన్ చేసి చూడండి. తూర్పు సగంలో పర్లేదు, గోరింగ్, వెండోవర్, ట్రింగ్ స్టేషన్లు దారికి దగ్గరే. పడమట ఊళ్ళన్నీ కొండ కింద, దారేమో పైన. మంచినీళ్ళు కూడా మోసుకెళ్ళాల్సిందే. అందుకని రెండు కార్లు. ఒకటి చివర్న వదిలి, అందరూ రెండోదాంట్లో ఇరుక్కుని మొదటికి వెళ్ళాలి. చివర్న వదిలిన కారు తాళాలు మొదట్లో ఉన్న కారులో మర్చిపోయే మహానుభావుడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. మాలో ఎవరో చెప్పను, ఇది చదువుతూనే ఉంటాడు.

మాకున్నది ఒకటే రూలు. ఎక్కడ ఆపామో ఖచ్చితంగా అక్కడే మొదలుపెట్టాలి. ఓసారి చీకటి పడి ఓ గేటు దగ్గర ఆపేశాం. మళ్ళీ వచ్చినప్పుడు కారు పార్కింగ్ ఆ గేటుకి అవతల, అరమైలు ముందు దొరికింది. "ఈ అరమైలు ఎవడు చూడొచ్చాడు?" అన్నాడొకడు. మా మేస్త్రీ వినలేదు. అందర్నీ వెనక్కి నడిపించి, గేటు మీద తలా ఓ చెయ్యి వేయించాకే కదలనిచ్చాడు. వాచీ ఉన్నాయనకి ఇది పిచ్చిగా అనిపించొచ్చు.

ఒకే వారంలో ముగించేవాళ్ళకి ఆ వారం వాతావరణమే దక్కుతుంది. మాకు బార్బరీ కాజిల్ దగ్గర ఫిబ్రవరి బురద దక్కింది, అడుగడుక్కీ బూటుకి కేజీ సుద్ద అంటుకుంటుంది. మే నెలలో చిల్టర్న్స్ అడవి నేలంతా నీలం పూలు. వేలాండ్స్ స్మితీ దగ్గర, 5,000 ఏళ్ళు పైబడిన రాతి సమాధి పక్కన, చెట్ల కింద కూర్చుని పులిహోర తిన్నాం. అఫింగ్టన్ తెల్ల గుర్రం అంటే కొండవాలు మీద సుద్దతో తీర్చిన పెద్ద గుర్రం బొమ్మ; దగ్గరికెళ్తే గుర్రం కనపడదు, గడ్డిలో సుద్ద గీతలే కనిపిస్తాయి. అది చూసి మాలో ఒకామె "ఇంత దూరం వచ్చింది దీనికా" అని అలిగింది కూడా.

అసలు సంగతికి వస్తాను. మేం నెలల తరబడి వదిలేసి వచ్చినా దారి అక్కడే ఉంటుంది. అది మా గొప్ప కాదు, దారి గొప్ప.

కిందటి వేసవిలో నాన్న వచ్చినప్పుడు వెండోవర్ ముక్కకి తీసుకెళ్ళాం. అక్కడ దారి ప్రధానమంత్రి విడిది భవనం చెకర్స్‌కి వెళ్ళే రోడ్డుని అడ్డంగా దాటుతుంది. కెమెరాలున్నాయి, హెచ్చరిక బోర్డులున్నాయి, కానీ దారిలో నడిచేవాణ్ణి ఆపే పని లేదు. నాన్నకి అది పెద్దగా ఆనలేదు. ఆ తర్వాత ఓ గోధుమ చేను నడిమధ్యన మీటరు వెడల్పున నేల వదిలి ఉంటే మాత్రం నిలబడిపోయారు. "రైతు ఒప్పుకున్నాడట్రా?" ఒప్పుకోవడంతో పని లేదు నాన్నా అన్నాను. 1980 హైవేస్ చట్టం ప్రకారం, చేను మధ్యగా పోయే కాలిబాటని రైతు దున్నుకోవచ్చు, కానీ 14 రోజుల్లో మళ్ళీ చదును చేసి కనపడేలా చెయ్యాలి. పైరు దాని మీదికి రాకూడదు. ఏ దారి ఎక్కడుందో స్థానిక కౌన్సిల్ మ్యాపులో ఉంటుంది, ఆ మ్యాపే సాక్ష్యం. ఇదీ ఊరికే రాలేదు. 1932లో ఉత్తర ఇంగ్లాండ్‌లోని కిండర్ స్కౌట్ కొండ మీదికి వద్దన్నా నడిచిన కుర్రాళ్ళలో అయిదుగురు జైలుకెళ్ళారు. అలాంటి గొడవలు ఎన్నో అయ్యాకే, ఈ దారుల మ్యాపులు తయారుచెయ్యాలన్న 1949 చట్టం వచ్చింది.

మన దగ్గర నడవకపోవడానికి ఎండ కారణం అంటారు. సంక్రాంతి రోజుల్లో ఎండెక్కడుందండీ? మనకి డొంకలు లేవా, పుంతలు లేవా, తెలంగాణలో బండ్ల బాటలు లేవా? రెవెన్యూ మ్యాపులో అన్నీ ఉన్నాయి, నేల మీదే లేవు. మా ఊరి డొంకలో ఒకప్పుడు రెండు బళ్ళు ఎదురుపడి తప్పుకునేవి. అటూ ఇటూ రైతులు ఏటా ఒక్కో చాలు కలుపుకుంటూ పోయారు. ఇప్పుడు బైకు దూరితే గొప్ప. కోత మిషను రావాలంటే పక్కవాడి చేలోంచి రావాలి, వాడు రానివ్వడు, ప్రతి పంటకీ పంచాయితీ. దారి మింగినవాడే దారి లేదని ఏడుస్తున్నాడు. దీనికి ట్రెక్కింగ్ సరదాతో సంబంధం లేదు.

నాన్న ఆ గోధుమ చేను బాటని ఫోటో తీసి, అక్కడే నిలబడి మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు, కింద రెండు లైన్ల ఉపన్యాసంతో సహా. అయిదు నిమిషాల్లో ఆయన చిన్ననాటి స్నేహితుడు జవాబిచ్చాడు: "బాగుంది బావా. వచ్చాక ముందు నీ చేను వైపు రెండు చాళ్ళు వదులు, ఆ తర్వాత నేనూ వదులుతా."