కాలిన్ కౌంటీలో గ్రామీణ గృహరుణం: మ్యాప్ సరే అన్నా ఆదాయం లెక్కలోనే చిక్కు

‘డౌన్‌పేమెంట్ లేకుండా సొంతిల్లు’ అని టెక్సస్ శివార్లలో కనిపించే ప్రకటనల వెనక చాలాసార్లు ఉండేది అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) గ్యారంటీ రుణం. అప్పు ఇచ్చేది బ్యాంకు, పూచీ ప్రభుత్వానిది. గడువు 30 ఏళ్లు, వడ్డీ మారదు. దీనికి రైతు కానక్కర్లేదు. నిజానికి ఆదాయం తెచ్చిపెట్టే పొలాన్ని కొనడానికి ఇది పనికిరాదు.

యూఎస్‌డీఏ మ్యాప్‌లో గ్రామీణంగా గుర్తించిన చోట్ల ఇళ్లకే ఇది దొరుకుతుంది కాబట్టి అందరూ ముందు అడిగేది ఆ మ్యాప్ గురించే. డాలస్‌కు ఉత్తరాన ఉన్న కాలిన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో, పక్కనే ప్లేనో, మెకిన్నీ ఎటూ రావు. కౌంటీ ఈశాన్యాన ఫార్మర్స్‌విల్, బ్లూరిడ్జ్ లాంటి చిన్న ఊళ్ల వైపు వెళ్లాలి. చట్టం ప్రకారం డాలస్ లాంటి మహానగర పరిధిలో ఉంటే ఊరి జనాభా 10,000 దాటకూడదు. ఆ పరిధికి బయటైతే 20,000 దాకా సడలింపు ఉంది. ఎప్పటినుంచో గ్రామీణంగా లెక్కలో ఉన్న కొన్ని ప్రాంతాలకు 35,000 వరకూ, 2030 జనగణన దాకా వెసులుబాటు ఇచ్చారు. ఇంత వేగంగా పెరిగే కౌంటీకి పదేళ్లకోసారి వచ్చే లెక్క ఎలా సరిపోతుంది? ప్రిన్స్‌టన్‌నే చూడండి. 2020 జనగణనలో 17,027 మంది. 2024 నడిమికి అంచనా 37,000 దాటింది. నీళ్లు, మురుగు, రోడ్లు చాలక ఆ ఏడాది సెప్టెంబరులో కొత్త ఇళ్ల అనుమతులే ఆపేశారు. అందుకే ఊరి పేరు చూసి నమ్మకండి. యూఎస్‌డీఏ సైట్లో ఇంటి చిరునామానే కొట్టి చూడాలి. మ్యాప్‌లోని హద్దు గీత ఊరి మధ్య నుంచి కూడా పోవచ్చు.

అయితే ఎక్కువమందిని వెనక్కి పంపేది ఈ గీత కాదు, ఆదాయం. అది ఒక పరిమితి దాటకూడదు, అప్పు తీర్చడానికి చాలాలి కూడా. అందుకే రెండు రకాలుగా లెక్కేస్తారు. అర్హత చూసేటప్పుడు ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరి సంపాదన కలుపుతారు, అప్పు పత్రాల మీద సంతకం పెట్టనివాళ్లది కూడా. గ్రీన్‌కార్డుతో వచ్చి మీతో ఉంటూ కిరాణా కొట్లో పనిచేసే అమ్మానాన్నల జీతం ఇక్కడ కలుస్తుంది. తీర్చే స్తోమత చూసేటప్పుడు మాత్రం అప్పులో పేరున్నవాళ్ల ఆదాయమే పనికొస్తుంది. అంటే ఆ జీతం పరిమితి దాటించడానికి పనికొస్తుంది గానీ, అప్పు తెచ్చుకోవడానికి కాదు. కాస్త ఊరట ఏమిటంటే, మైనర్ పిల్లలకు తలా 480 డాలర్లు, పనికి వెళ్లడం కోసం పన్నెండేళ్ల వరకు ఉన్న పిల్లల సంరక్షణకు పెట్టే ఖర్చు అర్హత లెక్కలోంచి తీసేస్తారు.

2025లో సవరించిన కనీస పరిమితి (ఆదాయం దాటకూడని హద్దు, ఏ ప్రాంతంలోనూ ఇంతకంటే తక్కువ ఉండదు) నలుగురి వరకు ఉన్న ఇంటికి ఏడాదికి 1,19,850 డాలర్లు. ఐదు నుంచి ఎనిమిది మందికి 1,58,250. డాలస్ లాంటి చోట ఇంకొంత ఎక్కువ.

ఇప్పుడు 3,00,000 డాలర్ల ఇల్లు తీసుకుందాం. 1 శాతం గ్యారంటీ ఫీజు అప్పులో కలిపితే 3,03,000. వడ్డీ 6.5 శాతం అనుకుంటే నెలకు సుమారు 1,915. ఏటా 0.35 శాతం రుసుము కింద 88. ఆస్తిపన్ను 2.5 శాతమైతే 625, బీమా 250 అనుకుందాం. మొత్తం 2,878. మామూలు నియమం ప్రకారం ఇంటి ఖర్చు ఆదాయంలో 29 శాతం మించకూడదు. అలాగైతే ఏడాదికి దాదాపు 1,19,000 సంపాదించాలి. కనీస పరిమితి 1,19,850! డాలస్‌కు ఉన్న అదనపు పరిమితి పక్కనపెడితే, కావాల్సిన దానికీ దాటకూడని దానికీ మధ్య మిగిలింది వెయ్యి డాలర్లలోపే. మంచి క్రెడిట్ స్కోరు ఉంటే యూఎస్‌డీఏ కంప్యూటర్ వ్యవస్థ 29ని కొంత దాటనిస్తుంది. సాధారణంగా 640 ఉంటే పని సులువు. కానీ కొత్త కాలనీల్లో నీటి, మురుగు వసతుల కోసం వేసే ప్రత్యేక పన్ను ఉంటే ఆ వెసులుబాటు కూడా కరిగిపోతుంది. బిల్డర్ చూపించే నెలవాయిదాలో ఈ పన్ను ఉందో లేదో అడగనివాళ్లే ఎక్కువ.

మరో రెండు అడ్డంకులు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఈ రుణం రాదు. పౌరసత్వమో గ్రీన్‌కార్డో, లేదా శరణార్థి లాంటి చట్టం గుర్తించిన హోదాయో ఉండాలి. చేతిలో 20 శాతం డౌన్‌పేమెంట్‌కు సరిపడా నగదు, మామూలు బ్యాంకు అప్పుకు తగిన యోగ్యత రెండూ ఉన్నా తిరస్కరిస్తారు.

బోరు బావి ఉన్న ఇల్లయితే నీటి పరీక్ష తప్పదు. మురుగునీరు ఇంకే చోటికి బావి మామూలుగా 100 అడుగుల దూరంలో ఉండాలి.

ఒప్పందం రాసుకునేటప్పుడు తేదీలు చూసుకోండి. బ్యాంకు ఒప్పుకున్నాక కూడా ఫైలు యూఎస్‌డీఏ కార్యాలయానికి వెళ్లి షరతులతో కూడిన హామీ పత్రం తెచ్చుకోవాలి. అక్టోబరు 1న కొత్త బడ్జెట్ ఏడాది మొదలవుతుంది. అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో ఆ బడ్జెట్ లెక్క తేలక ప్రభుత్వ కార్యాలయాలు మూతపడితే కొత్త హామీలు ఆగిపోతాయి, 2025లో జరిగింది అదే. సెప్టెంబరులో సంతకం పెట్టేవాళ్లు ముగింపు తేదీని పొడిగించుకునే షరతు ముందే రాయించుకుంటే బయానా నిలుస్తుంది.