ఆరెక్స్ హండ్రెడ్‌కు తలంటు

మా మామ అమెరికా పోతూ పోతూ బీరువా తాళాలు మా అమ్మ చేతికిచ్చి, బండి తాళం మాత్రం మా నాయన చేతికిచ్చాడు. నాకివ్వలేదు. ఎందుకివ్వలేదో మీకు అర్థమయ్యే ఉంటుంది, ఎందుకంటే అది యమహా ఆరెక్స్ హండ్రెడ్. 1985లో మన దేశానికి వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన బండి, ఇప్పటికీ మన తిరుపతి బైరాగిపట్టెడలో ఒకటి పోతే టీ కొట్టు ముందర నలుగురు గ్లాసులు పట్టుకొని తల తిప్పి చూస్తారు. మామ దాన్ని పెళ్లికి ముందు కొన్నాడు, కాబట్టి ఇంట్లో అత్త కంటే అదే సీనియర్. కూతురి కాన్పుకని దీపావళి కాగానే న్యూజెర్సీ పోతున్నాం, శివరాత్రికి గానీ రాము, అంతవరకు ఒక్క తుప్పు చుక్క కనబడకూడదు బావా, అని చెప్పి బండిని మా వరండాలో పెట్టిపోయాడు.

సరిగ్గా మనకు వానలు పట్టే కాలం అదే. రాష్ట్రంలో చాలావరకు గొడుగులు మడిచి లోపల పెట్టేశాక ఈశాన్య రుతుపవనాలు మన మీదికి వస్తాయి, కపిలతీర్థం జలపాతం ఉరుకులు పెడుతుంది, జనం సెల్ఫీలకు పోతారు. 2021 నవంబరు వానలు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నాయనకైతే అప్పటి నుంచి మబ్బు పడితే చాలు టెన్షన్. దానికి తోడు మామ వాయిస్ మెసేజిలు. వాళ్లు పొద్దున కాఫీ తాగే టైముకు మనకు చీకటి పడుతుంది, నాయన చపాతీ తుంచుతూ ఫోను గోడకు ఆనించి వినేవాడు.

అక్కడ పక్కింటాయన ఒకడు మోటార్‌సైకిల్‌ను చలికాలమంతా గరాజులో పెట్టి తాళం వేస్తాడట. మంచు గడ్డ కట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు నీళ్లు తగిలితే ఇనుము మామూలు నీళ్లకంటే త్వరగా తుప్పు పడుతుంది, అందుకని. ఇది అక్కడి సంగతి, మన ఊరికి సంబంధం లేదు. కానీ నాయన చెవిలో పడింది ఒక్క మాటే, ఉప్పు. మరుసటి రోజు వరండా మూలనున్న రాళ్లుప్పు జాడీ వంటింట్లోకి పోయింది. ఉప్పు బండి వాడు గేటు ముందర నిలబడి అరిస్తే "ఏయ్, ముందుకు పోప్పా, ఈడ నిలపొద్దు" అని తోలేశాడు. వాడు ఇప్పటికీ మా వీధిలో కేకెయ్యకుండా పోతాడు.

తర్వాత మామ ట్యాంకు ఫుల్ చేయించమన్నాడు. అది మంచి సలహానే. ట్యాంకులో ఖాళీ ఉంటే అందులో తేమ గాలి చేరుతుంది, రాత్రి చల్లబడగానే లోపలి గోడలకు చెమ్మ పడుతుంది, పైగా ఇప్పటి పెట్రోల్లో నూటికి ఇరవై వంతులు ఇథనాల్, దానికి నీళ్లంటే ప్రాణం. ఇవన్నీ నేను చెప్పబోతే నాయన, రిటైరయిన లెక్కల మాస్టారు కదా, లెక్కే చెప్పాడు. "యాడికీ పోని బండికి వెయ్యి రూపాయల పెట్రోలెందుకురా?" ఒక లీటరు పోయించి వచ్చాడు.

వానకని ప్లాస్టిక్ పట్టా కప్పి, గాలి కూడా దూరకుండా కింద తాడుతో బిగించి కట్టాడు. వారం తర్వాత విప్పితే లోపలంతా నీటి బొట్లు, క్రోమ్ మడ్‌గార్డు మీద, హ్యాండిల్ మీద, స్పీడోమీటర్ అద్దం మీద. నేల చెమ్మ పైకి లేచి, పోయే దారి లేక పట్టాకు పట్టిన నీళ్లవి. నాయన మాత్రం పట్టాకు ఎక్కడో చిల్లు ఉండాదని తేల్చేసి, దాని మీద ఇంకో పట్టా కట్టాడు.

వారానికోసారి స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఉంచి ఆపమన్నది ఇంకో ఆర్డరు. అట్లా స్టార్ట్ చేసినప్పుడే సైలెన్సర్ మూతి నుంచి టపటపా నీళ్లు కారడం నాయన కంట పడింది. పెట్రోలు కాలితే నీళ్లు పుడతాయి, లీటరుకు దాదాపు లీటరు. బండి బాగా వేడెక్కితే ఆవిరైపోతాయి, రెండు నిమిషాలకే ఆపేస్తే సైలెన్సర్లోనే నిలిచి లోపల్నుంచి తినేస్తాయి. దానికన్నా అసలు ముట్టుకోకపోవడం మేలు, రేణిగుంట దాకా ఒకసారి తోలుకొని రావడం ఇంకా మేలు. ఈ రెండో మాట అన్నాకే నా సైన్సు మీద నాయనకు నమ్మకం పూర్తిగా పోయింది. వాన నీళ్లు లోపలికి పోతున్నాయని ఆయనే తీర్పిచ్చి, పాత పంచె ముక్కను నూనెలో తడిపి, ఉండ చుట్టి, సైలెన్సర్ మూతిలోకి కట్టెతో నెట్టి నెట్టి బిగించాడు. ఈ పని ఎవరికీ చెప్పలేదు. ఇక స్టార్టింగు కూడా మానేశాడు.

ధనుర్మాసంలో అసలు ఘట్టం. ఇనుము మీద పల్చగా నూనె రాస్తే చెమ్మ అంటదని మామ చెప్పాడు. ఏ నూనో చెప్పలేదు. అమ్మ కొబ్బరినూనె డబ్బా ఖాళీ అయ్యేదాకా మాకు విషయం తెలియలేదు. మడ్‌గార్డులు, చువ్వలు, చైను, ఫోర్కులు, ఏదీ వదల్లేదు, అంత ప్రేమగా నా తలకు ఎప్పుడూ రాయలేదు. నూనె అంటుకుంటుందని పట్టాలు కూడా తీసేశాడు. తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై మొదలైనప్పుడు లేచి చూస్తే బండి తెల్లగా ఉంది. కొబ్బరినూనె 24 డిగ్రీలకు అటూ ఇటూ పేరుకుంటుంది, మన ధనుర్మాసం చలి దానికి చాలు. నాయనకు అది మురిపెంగానే కనబడినట్టుంది, ఫోటో తీసి మామకు పంపాడు. అటు నుంచి వెంటనే కాల్.

"బావా, తిరుపతిలో గూడా మంచు పడిందా?"

ఎండెక్కేసరికి అంతా కరిగి చక్రాల మీదికి కారింది. ఆ వాసనకు చీమలు నంబర్ ప్లేటు వెనక కాపురం పెట్టాయి. పక్కింటి పిల్లి రోజూ మధ్యాహ్నం వచ్చి ముందు మడ్‌గార్డును ఒక పక్క మాత్రం నాకి పోయేది, పద్ధతిగా, ఆ పక్కనే. రోడ్డు దుమ్మంతా చైను మీద పేరుకొని లింకుకూ లింకుకూ తేడా తెలియకుండా పోయింది.

శివరాత్రికి ముందు మామ దిగాడు. జెట్‌ల్యాగ్ అన్నాడు గానీ లగేజీ దించకముందే బండి ఎక్కాడు. కిక్కు కొట్టాడు, లేదు. చోక్ లాగి కొట్టాడు, లేదు. చొక్కా విప్పి బనీను మీద కొట్టడం మొదలుపెట్టాడు, వీధిలో పిల్లలు లెక్క పెడుతున్నారు, అత్త "వచ్చీరాగానే దీన్ని పట్టుకున్నారా" అంటోంది. నాయన ఏదో గుర్తొచ్చినట్టు "ఒక్క నిమిషం ఉండప్పా" అని చెయ్యెత్తేలోపల బండి అందుకుంది. ఢామ్మని ఒక శబ్దం, నల్లటి పొగ, ఆ పొగలోంచి పంచె ఉండ ఎగిరి ఎదురింటావిడ ముగ్గు మధ్యలో పడింది. ఆమె కాసేపు ముగ్గు వైపు, కాసేపు మా నాయన వైపు చూసి, చిప్ప అక్కడే పెట్టి లోపలికి పోయింది. బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

కొర్లగుంట మెకానిక్ కార్బరేటర్ విప్పితే డికాక్షన్ రంగు నీళ్లొచ్చాయి. ఫోను లైటు వేసి ట్యాంకులోకి చూసి ఏమీ మాట్లాడలేదు. తర్వాత చైను మీద వేలితో గీకి, వాసన చూసి, "ఎవురు సామీ దీనికి తలంటింది?" అన్నాడు. మామ నాయన వైపు చూశాడు. నాయన ఫ్యాన్ వైపు చూశాడు. మడ్‌గార్డు అంతా చుక్కలు చుక్కలుగా తుప్పు, ఒక్క పిల్లి నాకిన పక్క మాత్రం తళతళా మెరుస్తోంది.

ఆ రాత్రి మామ సూట్‌కేసు తెరిచి, బండి కోసం అమెరికాలో కొన్న కవరు తీశాడు. మందపాటి గుడ్డ, లోపలి చెమ్మ బయటికి పోయేలా గాలాడుతుంది, పైన పడ్డ నీళ్లు జారిపోతాయి, ఎండకు పాడవదు. అమ్మ దాని అంచు పట్టుకొని వేళ్లతో నలిపి చూసి, నిజంగా గాలాడుతుందా అని రెండుసార్లు అడిగింది. మామ ఉత్సాహంగా అంతా వివరించాడు. మార్చి నుంచి అది మా మిద్దె మీదే ఉంది, సగ్గుబియ్యం వడియాలతో.