వంగతోటకు తంగేడొక్కటే చాలదు

వంగ పూత రాలిపోతోందంటే మొదట వినిపించే సలహా తేనెటీగల పెట్టెలు పెట్టమని. పొద్దుతిరుగుడుకైతే మంచి మాటే. వంగకు మాత్రం దానివల్ల ఒరిగేది తక్కువ. వంగ పువ్వులో పుప్పొడి తిత్తుల కొసన సన్నని రంధ్రాలే ఉంటాయి. పువ్వును కరచుకుని రెక్కల కండరాలతో అదిరిస్తేనే పుప్పొడి బాగా చిమ్ముతుంది. తేనెటీగకు ఆ విద్య రాదు. నల్ల తుమ్మెదకు, పొట్ట మీద నీలి చారలుండి, తేనెటీగల కుటుంబానిదే అయినా ఒంటరిగా బతికే ఈగకు వచ్చు. టమాటాదీ, గట్టు మీది తంగేడుదీ ఇదే తీరు. చేలో వంగ లేని నెలల్లో తంగేడు వీటికి పుప్పొడి అందిస్తుంది.

అలాగని గట్టంతా తంగేడే పెంచితే సరిపోదు. వంగలో గానీ తంగేడులో గానీ పుప్పొడే తప్ప మకరందం ఉండదు. అది నీలిచారల ఈగకు తుమ్మి పూలలో, నల్ల తుమ్మెదకు జిల్లేడులో దొరుకుతుంది. పచ్చిరొట్టకు వేసిన జనుమును రెండు సాళ్లు దున్నకుండా పూతకు వదిలినా మేలే. గట్టు మీద కలుపు మందు కొట్టేవాళ్లు పోగొట్టుకుంటున్నది ఈ మేతనే. ప్యాకెట్లలో అమ్మే కాస్మోస్, జీనియా విత్తనాలు దానికి బదులు కావు. రెండూ మెక్సికో వైపు మొక్కలు. తంగేడు ఆకు తిని పెరిగే లేతపసుపు సీతాకోకచిలుక గొంగళికి వాటితో పని లేదు.

తంగేడు గింజ పెంకు గట్టిది, ఊరికే చల్లితే ఏడాదైనా మొలవకపోవచ్చు. మరిగించి దించిన నీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టి, తొలకరిలో సెంటీమీటరు లోతున గట్టు మీదే విత్తాలి. తల్లివేరు లోతుకు పోతుంది కాబట్టి నారు పీకి నాటితే బతకడం కష్టం. తుమ్మి విత్తనం సన్నం, ఇసుకతో కలిపి పైపైన చల్లితే చాలు. మట్టి కదిపిన చోట వయ్యారిభామ ముందు లేస్తుంది. పూతకు రాకముందే వేళ్లతో సహా పీకెయ్యాలి. గట్టును ఒకేసారి కొయ్యకుండా సగం ఇప్పుడు, మిగతా సగం నెల తర్వాత కోస్తే మేత తెగిపోదు.

గూడు సంగతి చాలామంది మరిచిపోతారు. నీలిచారల ఈగ మట్టిలో, నల్ల తుమ్మెద ఎండు కట్టెలో, వెదురు బోలులో గూడు పెడతాయి. పొక్లెయిన్‌తో గట్లు చెక్కితే మట్టి గూళ్లు పోయినట్టే. వేలు దూరేంత బోలున్న వెదురు ముక్కలు, ఒక కొస కణుపుతో మూసుకున్నవి, పాక చూరు కింద అడ్డంగా కట్టవచ్చు.

ఇంత చేసి, కాయతొలుచు పురుగుకని పూత మీద పొద్దున్నే మందు కొడితే అంతా వృథా. వాడిన కొమ్మలు తుంచి కాల్చాలి, మగ రెక్కపురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టాలి, తప్పనిసరైతే పొద్దుగూకాక పిచికారీ చేయాలి. రాలిన పూలు ఓసారి విప్పి చూడండి. కీలం, అంటే పువ్వు నడిమి ఆడ కాడ, పుప్పొడి తిత్తుల కన్నా పొట్టిగా ఉంటే ఆ పువ్వు ఎలాగూ కాయకట్టదు, దాన్ని తుమ్మెదల ఖాతాలో వెయ్యకూడదు.