వేడి సూర్యుడిదా, గ్రిడ్‌దా?
సూర్యుడి బయటి వాతావరణమైన కరోనా గురించి ఒక వ్యాసం చదివాను. ఆల్ఫ్‌వెన్ తరంగాలే (ప్లాస్మాలో, అంటే విద్యుదావేశం ఉన్న వాయువులో, అయస్కాంత క్షేత్ర రేఖల వెంట సాగే అలలు) దాన్ని 10 లక్షల డిగ్రీలకు పైగా వేడెక్కిస్తున్నాయని కంప్యూటర్ సిమ్యులేషన్‌తో "రుజువైపోయింది" అని అందులో రాశారు. ఆ ఒక్క మాట దగ్గరే నాకు పేచీ. తరంగాలు ఉన్నాయనడంలో అనుమానం లేదు, 1942లో స్వీడన్ భౌతిక శాస్త్రవేత్త హానెస్ ఆల్ఫ్‌వెన్ కాగితం మీద చెప్పినవి 2007లో కరోనాలో కనిపించాయి కూడా (అవి అచ్చంగా ఆల్ఫ్‌వెన్ తరంగాలేనా, కింక్ తరంగాలనే మరో రకమా అన్న వాదన వేరే). చిక్కల్లా ఆ శక్తి వేడిగా ఎలా మారుతోందన్నదే. కరోనా ప్లాస్మాలో అల శక్తిని వేడిగా మార్చే విద్యుత్ నిరోధం దాదాపు లేనట్టే, అందుకే అల అంత తేలిగ్గా చావదు. కంప్యూటర్లో మాత్రం చస్తుంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఒకే డైమెన్షన్‌లో చిన్న కోడ్ రాశాను. స్నిగ్ధత (ప్లాస్మా లోపలి రాపిడి) సున్నా పెట్టినా అల నడుస్తూ నడుస్తూ సగానికి పడిపోయింది. ఏదో కొత్త విషయం కనిపెట్టేశానని రెండు రోజులు మురిసిపోయా. గ్రిడ్ బిందువులు (కంప్యూటర్ లెక్క కట్టే చోట్లు) నాలుగింతలు చేసేసరికి ఆ తగ్గుదల చాలావరకు మాయం! అంటే అలను చంపింది చాలావరకు గ్రిడ్డే. పైగా పై అంచు దగ్గర సరిహద్దు నియమం (అంచుకు చేరిన అల ఏం చేయాలో చెప్పే షరతు) సరిగ్గా పెట్టక, అల గోడకు కొట్టిన బంతిలా వెనక్కొచ్చింది. సూర్యుడిలోనూ క్రోమోస్ఫియర్ (కరోనా కింది పొర) పైన సాంద్రత ఒక్కసారిగా పడిపోయే చోట అలల్లో చాలా భాగం నిజంగానే వెనక్కి తిరుగుతుంది, కాబట్టి ఏది అసలో ఏది నకిలీయో చూడగానే తెలీదు. పెద్ద కోడ్‌లు రాసేవాళ్లకు ఇవన్నీ నాకంటే బాగా తెలుసు, అందుకే గ్రిడ్ మార్చి మార్చి చూస్తారు. వ్యాసంలో ఆ సంగతి లేదు. కరోనా వేడికి మరో కారణంగా 1988లో అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ పార్కర్ ప్రతిపాదించిన నానోఫ్లేర్ల (చిన్న చిన్న అయస్కాంత విస్ఫోటనాల) ఊసూ లేదు.